కన్ను ఎవరూ అమ్మరు

సాయంత్రం ఏడు దాటాక రాయదుర్గంలో మెట్రో ఎక్కేవాళ్లలో దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. మెడలో ఐడీ కార్డు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు. అమీర్‌పేటలో రైలు మారతారు. మూసీ దాటాక మలక్‌పేట, న్యూ మార్కెట్, ఆ తర్వాత ముసారాంబాగ్. తలుపులు తెరుచుకుని మూసుకుంటాయి, రైలు సాగిపోతుంది. ఆ స్టేషన్ పేరులో ఒక ఫ్రెంచి సేనాని ఉన్నాడు.

ఆయన మిషెల్ రేమండ్. 1786లో నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. అప్పట్లో దక్కన్‌లో అందరూ సైన్యాలను కొత్తగా కట్టుకుంటున్నవాళ్లే. ఒకవైపు మరాఠాలు, ఒకవైపు టిప్పు సుల్తాన్, ఇంకోవైపు ఇంగ్లిషువాళ్లు. గుర్రపు దళాలనే నమ్ముకుంటే ఇక లాభం లేదని, ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన పటాలాలు, మంచి ఫిరంగులు కావాలని నిజాంకు అర్థమైంది. రేమండ్ ఆ పని చేసిపెట్టాడు. సిపాయిలకు శిక్షణ ఇచ్చాడు. ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించాడు. అబిడ్స్ పక్కన ఆ చోటును ఇవాళ్టికీ గన్‌ఫౌండ్రీ అంటాం. ఉర్దూలో అది తోప్ కా సాంచా. జనం ఆయన్ను తమవాణ్ని చేసుకున్నారు. ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. పేటకు ఆ పేరే నిలిచింది.

1798 మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లిషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారులను పంపించెయ్యాలన్నది అందులో షరతు. అక్టోబరులో ఆ దళాన్ని చుట్టుముట్టి ఆయుధాలు కింద పెట్టించారు. సుమారు 14 వేలమంది. పన్నెండేళ్ల కష్టం పెద్ద పోరాటమేదీ లేకుండానే చెదిరిపోయింది.

ఫిరంగులు ఉన్నాయి. కార్ఖానా ఉంది. సిపాయిలూ ఉన్నారు. కానీ ఆ సైన్యానికి ఆలోచన, చూపు, లెక్క అన్నీ బయటినుంచి వచ్చిన కొద్దిమంది అధికారుల దగ్గరే ఉండిపోయాయి. వాళ్లు వెళ్లిపోగానే మిగిలింది లోహమే.

ఇవాళ ప్రపంచంలో చాలా దేశాలు తమ సైన్యాలను మళ్లీ కొత్తగా కట్టుకుంటున్నాయి. ఈ కాలపు ఆయుధాల లోపల ఏముంటుంది, అందులో డబ్బుకు దొరికేది ఏది, దొరకనిది ఏది అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి హైదరాబాద్‌కు మించిన చోటు లేదు.

ఒకే ఏడాది, రెండు తలుపులు

రేమండ్ దళం చెదిరిన సరిగ్గా 200 ఏళ్లకు, 1998లో, ఈ నగరానికి రెండు కబుర్లు వచ్చాయి.

మే నెలలో పోఖ్రాన్‌లో అణు పరీక్షలు జరిగాయి. వెంటనే అమెరికా ఆంక్షలు పెట్టింది. క్షిపణులను రూపొందించే డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే భారత్ డైనమిక్స్ వంటి హైదరాబాద్ సంస్థల పేర్లు నిషేధ జాబితాలోకి ఎక్కాయి. చిప్పులు కావాలన్నా, కొలత పరికరాలు కావాలన్నా అమెరికా కంపెనీ వీళ్లకు అమ్మడానికి వీల్లేదు. ఆ పేర్లు జాబితాలోంచి పోయింది 2011 జనవరిలో.

అదే ఏడాది నవంబరు 22న మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రం తెరిచింది. ఒకే కాలేజీలో, ఒకే బ్యాచ్‌లో చదువుకున్న ఇద్దరు ఇంజనీర్లను ఊహించుకోండి. మాదాపూర్ వెళ్లినవాడికి అమెరికా జీతమిచ్చి కంప్యూటర్ చేతికిచ్చింది. డీఆర్‌డీఎల్ ఉన్న కంచన్‌బాగ్ వెళ్లినవాడికి అదే దేశం ఆ కంప్యూటర్‌లోని చిప్పు కూడా అమ్మనంది. ఇద్దరికీ వచ్చిన చదువు ఒక్కటే. మాదాపూర్‌లో ఆ చదువు సేవ, కంచన్‌బాగ్‌లో అదే ఆయుధం.

కంచన్‌బాగ్ కథ అప్పటికే పాతది. డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు వచ్చింది. 1970లో భారత్ డైనమిక్స్ పుట్టింది. ట్యాంకులను కొట్టే ఫ్రెంచి క్షిపణిని లైసెన్సు మీద తయారుచెయ్యడం దాని మొదటి పని. 1973లో ప్రత్యేక లోహాల కోసం మిధాని వచ్చింది. 1982లో ఇస్రో నుంచి అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడాది 388 కోట్ల రూపాయలతో అయిదు క్షిపణుల కార్యక్రమం మొదలైంది. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్.

1987లో ఏడు సంపన్న దేశాలు కూడి క్షిపణి పరిజ్ఞానం బయటికి పోకుండా కట్టడి పెట్టుకున్నాయి. అరటన్ను బరువును 300 కిలోమీటర్లు మోయగల క్షిపణి గానీ, దానికి పనికొచ్చే భాగాలు గానీ ఎవరికీ అమ్మరాదు. ఆ మరుసటి ఫిబ్రవరిలో పృథ్వి ఎగిరింది. 1989 ఏప్రిల్‌లో అగ్నిని సిద్ధం చేస్తే, ప్రయోగానికి కొన్ని క్షణాల ముందు ఏదో సరిగా లేదని కంప్యూటరే ఆపేసింది. మే 22న అగ్ని ఎగిరింది.

ఈ కథలో అన్నీ గెలుపులే లేవు. త్రిశూల్ సైన్యం చేతికి చేరకుండానే ముగిసిపోయింది. ఆకాశ్ 1983లో మొదలై భూసైన్యంలో చేరేసరికి 2015 వచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా. క్షిపణిలో ఏది కష్టం? ఇంజన్, ఇంధనం, ఇనుప గొట్టం ఇవన్నీ కష్టమే అయినా చెయ్యగలిగేవే. అన్నిటికంటే కష్టమైనది కన్ను.

అద్దం మీద ఈగ

గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు దారిలో కారు నడుపుతున్నారనుకోండి. ఎడమవైపు అడ్డరోడ్డు నుంచి వాటర్ ట్యాంకర్ వస్తోంది. మీ వేగమూ దాని వేగమూ మారడం లేదు. మీ కారు అద్దంలో అది వెనక్కి జరుగుతూ కనిపిస్తే మీరు ముందే దాటిపోతారు. ముందుకు జరుగుతూ కనిపిస్తే అదే ముందు పోతుంది. అలా కాకుండా అద్దం మీద వాలిన ఈగలా ఒకేచోట ఉండి, క్షణక్షణానికీ పెద్దదవుతోందంటే బ్రేకు తొక్కాల్సిందే. మీ ఇద్దరి దారులూ ఒకే బిందువు దగ్గర కలవబోతున్నాయి.

డ్రైవరు భయపడే ఈ స్థితినే క్షిపణి కోరి తెచ్చుకుంటుంది. లక్ష్యం దాని చూపులో పక్కకు జరుగుతోందంటే దారి తప్పుతున్నట్టు లెక్క. జరిగే వేగాన్ని కొలిచి, దానికి మూడు నుంచి అయిదు రెట్ల వేగంతో తన దారిని తిప్పుకుంటుంది. లక్ష్యం మళ్లీ ఈగలా ఒకచోట నిలిచేదాకా ఇదే పని. లక్ష్యం ఎక్కడికి పోతుందో, ఎందుకు వంపు తిరిగిందో దానికి తెలియనక్కర్లేదు. కోణం మారకుండా చూసుకుంటే చాలు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు పెరిగ్రిన్ డేగలకు చిన్న కెమెరాలు, జీపీఎస్ పరికరాలు కట్టి ఎగరేసి, 2017లో ఫలితాలు ప్రకటించారు. డేగ ఎరను తరిమేదీ ఈ సూత్రంతోనే. కాకపోతే అది కాస్త నిదానంగా, తక్కువ గుణకంతో తిరుగుతుంది.

సూత్రం రెండు ముక్కల్లో చెప్పెయ్యొచ్చు. ఆచరణే నరకం. ధ్వనికి రెండున్నర రెట్ల వేగంతో పోయే క్షిపణి సెకనుకు సుమారు 850 మీటర్లు పోతుంది. ఎదురొచ్చే విమానం మరో 300 మీటర్లు. అయిదు కిలోమీటర్ల దూరంలో అది కనిపించిందంటే చేతిలో ఉన్నది నాలుగు సెకన్ల పైచిల్లర. ముక్కులోని చిన్న రాడార్ ఒక రేడియో తరంగాన్ని వదిలితే అది విమానాన్ని తాకి తిరిగి రావడానికి సెకనులో 30 వేలో వంతు చాలు. కానీ వచ్చే ప్రతిధ్వని ఎంత బలహీనమో చూడండి. పోయేటప్పుడు తరంగం విచ్చుకుంటూ పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ విచ్చుకుంటుంది. దూరం రెట్టింపైతే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. పైగా కింద నేల, చెట్లు, సముద్రపు అలలు, అన్నీ ప్రతిధ్వనులు పంపుతూనే ఉంటాయి. శత్రువు కావాలని దొంగ ప్రతిధ్వనులు పంపుతాడు. ఆ రొదలోంచి కావలసిన ఒక్క గొంతును పట్టుకుని, కోణం ఎంత మారిందో సెకనులో వందల సార్లు లెక్కకట్టాలి. గాలి రాపిడికి క్షిపణి ముక్కు కాలిపోతుంటే ఆ వేడి వెనకాలే కూర్చుని ఈ పనంతా చెయ్యాలి.

ఇలా వెతికి పట్టుకునే పరికరాన్ని సీకర్ అంటారు. క్షిపణి అమ్మే దేశాలు కూడా సీకర్‌ను పెట్టెలో మూసి అమ్ముతాయి, దాని విద్యను అమ్మవు. రష్యాతో కలిసి చేసిన బ్రహ్మోస్ 2001లో మొదటిసారి ఎగిరింది. దాని కన్ను మాత్రం రష్యాదే. భారత సీకర్ పెట్టుకుని బ్రహ్మోస్ పోఖ్రాన్‌లో ఎగిరింది 2018 మార్చి 22న. ఆ సీకర్ వెనక ఉన్నది హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్. అందరూ ఆర్‌సీఐ అంటారు. కన్ను సొంతం చేసుకోవడానికి పదిహేడేళ్లు పట్టింది.

చెవి, చర్మం

మన లోపలి చెవిలో ఒక ద్రవం ఉంటుంది. కళ్లు మూసుకున్నా ఎటు ఒరిగామో అదే చెబుతుంది. క్షిపణికి ఆ పని జైరోస్కోపు చేస్తుంది. ఉపగ్రహాల సాయం లేకపోయినా, ఉన్నా శత్రువు దాన్ని చెడగొట్టినా, తను ఎటు తిరిగి ఉందో దీనితోనే లెక్కవేసుకుంటుంది. ఒక డిగ్రీలో ఆరో వంతు దిశ తప్పితే వెయ్యి కిలోమీటర్లు పోయేసరికి దాదాపు మూడు కిలోమీటర్లు పక్కకు పోతాం. మాదాపూర్‌లో దిగాల్సినవాళ్లం జూబ్లీహిల్స్ వైపు తేలతాం.

రాడార్ మాటకొస్తే, ఆకాశ్‌కు దారి చూపే రాజేంద్ర రాడార్ తల తిప్పకుండానే చూపు తిప్పుతుంది. అదెలాగో దుర్గం చెరువు గట్టున తెలుసుకోవచ్చు. పదిమంది పిల్లలు వరసగా నిలబడి ఒకేసారి రాళ్లు వేస్తే అల తిన్నగా ముందుకు పోతుంది. ఎడమ చివరి పిల్లవాడు ముందు, ఆ పక్కవాడు రవ్వంత ఆలస్యంగా, అలా వరసగా వేస్తే అల కుడివైపు ఒరిగిపోతుంది. పిల్లలెవరూ కదల్లేదు. ఆలస్యం మారింది, అల దిశ మారింది. రాడార్ పలకలో వేల చిన్న భాగాలు ఆ పిల్లల్లాంటివే. ఒక్కోదానికి రవ్వంత ఆలస్యాన్ని అమర్చే పరికరం పేరు ఫేజ్ షిఫ్టర్. దాని విద్యను ఢిల్లీ ఐఐటీలో ప్రొఫెసర్ భారతీ భట్ బృందం మన దేశంలోనే సాధించింది.

చర్మం సంగతి క్లుప్తంగా చెబుతాను. అంతరిక్షం అంచులు తాకి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చే అగ్ని ముక్కు వేల డిగ్రీల వేడిని తట్టుకోవాలి. లోపలి ఎలక్ట్రానిక్స్ మాత్రం చల్లగా ఉండాలి. ఆ పనికి కార్బన్ పీచును కార్బన్‌తోనే బిగించి కవచం చేశారు. అర్జున్ ట్యాంకుకు వేసిన కవచం పేరు కంచన్. అది ఈ నగరంలోని కంచన్‌బాగ్ పేరే. ఆ కవచాన్ని తయారుచేసిన లోహ పరిశోధనాలయం అక్కడే ఉంది.

కన్ను చౌకైంది

ఇప్పుడు ప్రపంచం వైపు చూద్దాం. 2020 సెప్టెంబరు చివర్లో అజర్‌బైజాన్, ఆర్మేనియాల మధ్య నాగోర్నో కరాబఖ్‌లో యుద్ధం వచ్చింది. 44 రోజులు సాగింది. సోవియట్ కాలపు ట్యాంకులు, విమాన విధ్వంసక క్షిపణులు ఉన్న ఆర్మేనియా సైన్యాన్ని టర్కీ డ్రోన్లు, ఇజ్రాయెల్ ఆత్మాహుతి డ్రోన్లు పైనుంచి వెతికి వెతికి కొట్టాయి. ఓడిన ఆర్మేనియాకు తన సైన్యాన్ని మళ్లీ కట్టుకునేటప్పుడు ఆకాశం వైపు చూడక తప్పలేదు. అప్పుడు కొనుక్కున్నవాటిలో హైదరాబాద్ ఆకాశ్ ఒకటి. ఫిలిప్పీన్స్ 2022 జనవరిలో బ్రహ్మోస్ కోసం ఒప్పందం చేసుకుంది. ఒకప్పుడు అమెరికా చిప్పు కూడా అమ్మనన్న నగరం నుంచి ఇప్పుడు ఇతరులు కొనుక్కుంటున్నారు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. మూడు రోజుల తర్వాత జర్మనీ తన సైన్యం కోసం 10 వేల కోట్ల యూరోల ప్రత్యేక నిధి ప్రకటించింది. 2025 జూన్‌లో నాటో దేశాలు 2035 నాటికి తమ జీడీపీలో 5 శాతం రక్షణకు, దానికి సంబంధించిన పనులకు ఖర్చు పెట్టాలని తీర్మానించుకున్నాయి. స్టాక్‌హోంలోని సిప్రీ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ సైనిక వ్యయం 2,71,800 కోట్ల డాలర్లు. ఒక్క ఏడాదిలో 9.4 శాతం పెరిగింది. ప్రచ్ఛన్న యుద్ధం ముగిశాక ఇంత పెరుగుదల లేదు.

భయం ఒక కారణం. ఇంకో కారణం భౌతికశాస్త్రంలో, బజారులో ఉంది. ముప్ఫై ఏళ్ల క్రితం గదంత ప్రయోగశాలలో తయారైన కన్ను ఇవాళ మన జేబులో ఉంది. ఫోన్ కెమెరా, అందులో ఆవగింజంత జైరోస్కోపు, జీపీఎస్, ముఖాన్ని గుర్తుపట్టే చిప్పు. సెల్ఫీల కోసం కోట్ల సంఖ్యలో తయారయ్యేసరికి వాటి ధర పాతాళానికి పడిపోయింది. వాటినే ఒక చిన్న ఇంజనుకు, ఒక బాంబుకు కడితే దాడి డ్రోన్ అవుతుంది. క్షిపణి సీకర్ అంత నిశితంగా అది చూడలేదు. కానీ గుంపుగా వస్తుంది.

ఇక్కడే లెక్క తలకిందులైంది. ఇరాన్ రూపొందించిన షాహెద్ డ్రోన్ ఖరీదు 20 వేల నుంచి 50 వేల డాలర్లని అంచనా. దాన్ని కూల్చడానికి వదిలే పేట్రియాట్ క్షిపణి ఒక్కోటి సుమారు 40 లక్షల డాలర్లు. ఒక్క క్షిపణి ఖర్చుతో శత్రువు 80 నుంచి 200 డ్రోన్లు తయారుచేసుకుంటాడు. అన్నింటినీ కూల్చినా కూల్చినవాడే దివాలా తీస్తాడు. ఈ మాట మనకూ దూరపు సంగతి కాదు. 2025 మే 8 రాత్రి పాకిస్తాన్ 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు పంపిందని మన ప్రభుత్వం ప్రకటించింది. ఆ రోజుల్లో మన గగనతలాన్ని కాసినవాటిలో ఆకాశ్ కూడా ఉంది.

రూపాయి కరెంటు

చౌకైన కన్నును చౌకగానే మూయాలి. ఆ ప్రయత్నాల్లో ఒకటి 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా క్షేత్రంలో జరిగింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవోకు హైదరాబాద్‌లో ఉన్న ప్రయోగశాల చెస్ రూపొందించిన 30 కిలోవాట్ల లేజర్ ఆయుధం రెక్కల డ్రోన్‌ను, డ్రోన్ల గుంపును కూల్చింది.

30 కిలోవాట్లంటే మన ఇళ్లలో వాడే ఇస్త్రీపెట్టెలు ముప్ఫై ఒకేసారి వేడెక్కినంత. ఆ వేడినంతా దూరాన ఉన్న ఒక చిన్న మచ్చ మీదికి పంపితే డ్రోన్ ప్లాస్టిక్ తొడుగు కరుగుతుంది, రెక్క విరుగుతుంది, లోపలి తీగలు కాలిపోతాయి. కాంతి వేగానికి ఎదురు పరుగెత్తడం ఎవరి తరమూ కాదు కాబట్టి ముందుగా లెక్కకట్టి గురి చూసే బాధ లేదు. ఇప్పుడు ఖర్చు చూద్దాం. అయిదు సెకన్లు కాల్చామనుకుందాం. 30 కిలోవాట్లు, అయిదు సెకన్లు, మొత్తం 150 కిలోజౌళ్లు. కరెంటు మొత్తం కాంతిగా మారదు. మూడో వంతే మారిందనుకున్నా 450 కిలోజౌళ్ల కరెంటు కావాలి. మన మీటరులో ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు. అంటే ఎనిమిదో వంతు యూనిట్. కాల్చడానికి పట్టేది ఒక రూపాయి దగ్గర. యంత్రం ఖర్చు వేరే సంగతి.

అయితే ఇది మంత్రదండమేమీ కాదు. దుమ్ము, వాన, పొగమంచు కాంతిని మింగేస్తాయి. కొండ చాటున ఉన్నదాన్ని లేజర్ తాకలేదు. ఒకదాన్ని కాల్చేవరకు ఇంకోదాని జోలికి పోలేదు. అన్నింటికీ మించి, కదిలే డ్రోన్ మీద ఆ మచ్చను అయిదు సెకన్లపాటు వేలెడు కూడా చెదరకుండా నిలపాలి. అంటే మళ్లీ కన్నే. లేజర్ ఆయుధంలో అసలు కష్టం లేజర్‌లో కంటే దాన్ని గురి మీద నిలబెట్టడంలో ఉంది.

అదే నెల 25న డీఆర్‌డీఎల్ హైదరాబాద్‌లో ఇంకో పరీక్ష చేసింది. ధ్వనికి అయిదు రెట్ల వేగం దాటి ఎగిరే క్షిపణుల కోసం స్క్రామ్‌జెట్ దహన గదిని నేల మీద వెయ్యి సెకన్లకు పైగా మండించింది. 2020 సెప్టెంబరులో ఆకాశంలో ఇది నడిచింది ఇరవై సెకన్ల పైచిల్లర. ధ్వనిని మించిన వేగంతో దూసుకుపోయే గాలిలో మంట ఆరకుండా నిలపడమంటే సుడిగాలిలో అగ్గిపుల్లను కాపాడటమే.

రెండు ఫౌండ్రీలు

క్షిపణిని ఎగరేసి చూడటం చాలా ఖరీదు. అందుకని ఆర్‌సీఐ వంటి చోట్ల దాన్ని గదిలోనే ఎగరేస్తారు. సీకర్‌ను ఒక బల్ల మీద బిగిస్తారు. ఆ బల్ల మూడు దిక్కులా ఊగుతుంది, తిరుగుతుంది. ఎదుటి గోడ నుంచి కంప్యూటర్ లేని విమానపు ప్రతిధ్వనిని పంపుతుంది. సీకర్ దాన్ని చూసి ‘ఎడమకు తిరగాలి’ అంటుంది. కంప్యూటర్ ఆ మలుపును లెక్కకట్టి, ఆ మలుపు తర్వాత ఆకాశం ఎలా కనిపిస్తుందో అలాగే చూపిస్తుంది. బల్ల కూడా అలాగే ఒరుగుతుంది. అసలు కన్ను, అబద్ధపు ఆకాశం. గాలి మార్చి, లక్ష్యాన్ని మార్చి, ఒక తీగ తెగిందనుకుని, వేల సార్లు ఎగరేస్తారు.

మాదాపూర్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేసేవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. వాళ్లు రోజూ చేసేదీ ఇదే: లేని కస్టమర్‌ను సృష్టించి, రాబోయే తప్పును ముందే బయటికి లాగడం. తేడా ఒక్కటే. బ్యాంకు యాప్‌లో బగ్ వస్తే రాత్రికి రాత్రి ప్యాచ్ వేస్తారు. ఎగిరిన క్షిపణికి ప్యాచ్ వెయ్యడం కుదరదు.

ఇందువల్లే కంచన్‌బాగ్, ఐటీ కంపెనీల సైబరాబాద్ మెల్లగా దగ్గరయ్యాయి. డీఆర్‌డీవో అనుభవం ఉన్నవాళ్లు 1991లో మొదలుపెట్టిన ఆస్ట్రా మైక్రోవేవ్ రాడార్ గుండెకాయల్లాంటి భాగాలు చేస్తుంది. 1993లో పుట్టిన జెన్ టెక్నాలజీస్ సైనికుల శిక్షణకు సిమ్యులేటర్లు, ఇప్పుడు డ్రోన్లను అడ్డుకునే వ్యవస్థలు తయారుచేస్తోంది. ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ల ఒంటిని కడుతున్నాయి. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ఆవరణలో 2015లో మొదలై ఇప్పుడు రాయదుర్గంలో ఉన్న టీ-హబ్, రక్షణ రంగపు కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే ఐడెక్స్ పథకంలో భాగస్వామి అయింది. దాని పక్కనే 2023లో టీ-వర్క్స్ తెరుచుకుంది. ఆలోచనతో లోపలికి వెళ్లి, నమూనాతో బయటికి రాగల చోటది.

ఇంత ఉన్నా ఒక వెలితి ఉంది. ఆ వెలితిని దాచిపెట్టి ఇది రాస్తే అబద్ధం అవుతుంది. హైదరాబాద్‌లో ఏఎండీ, క్వాల్‌కామ్ వంటి కంపెనీల్లో వేలమంది చిప్పులను రూపొందిస్తారు. కోట్ల ట్రాన్సిస్టర్లు ఎక్కడెక్కడ ఉండాలో ఇక్కడి తెరల మీద గీస్తారు. ఆ గీత సిలికాన్ మీదికి ఎక్కేది మాత్రం ఎక్కువగా తైవాన్‌లో. చిప్పులు అచ్చుపోసే కార్ఖానాను కూడా ఫౌండ్రీ అనే అంటారు. రేమండ్ కట్టించినదానికీ అదే పేరు.

1798లో హైదరాబాద్‌కు ఫౌండ్రీ ఉంది, విద్య తెలిసిన సొంత మనుషులు లేరు. ఇవాళ మనుషులు ఉన్నారు, ఫౌండ్రీ చాలదు. రాడార్లకు కావలసిన గాలియం ఆర్సెనైడ్ చిప్పులకు డీఆర్‌డీవో వారి చిన్న ఫౌండ్రీ గేటెక్ ఈ నగరంలోనే ఉంది. అది గట్టి మొదలు. అయినా డ్రోన్‌లో, సీకర్‌లో ఆలోచించే అత్యాధునిక చిప్పు బయటినుంచి వచ్చినంత కాలం, 1998 లాంటి ఏడాది ఇంకోసారి రావచ్చునన్న జాగ్రత్త ఉండాలి. సైన్యాన్ని కొత్తగా కట్టుకునే ఏ దేశమైనా కొన్న ఆయుధాలను లెక్కపెట్టుకునే ముందు, అమ్మినవాడు రేపు కాదంటే అందులో ఎన్ని పనిచేస్తాయో లెక్కపెట్టుకోవాలి.

ఈ రెండు పరిస్థితుల్లో నాకు రెండోదే మేలనిపిస్తుంది. కార్ఖానా డబ్బుతో, పట్టుదలతో పదేళ్లలో లేస్తుంది. చెయ్యి తిరిగిన మనుషులు తయారుకావడానికి ఒక తరం కావాలి. ఆకాశ్‌కు పట్టిన ముప్ఫై ఏళ్లలో తయారైన అసలు వస్తువు ఆకాశ్ ఒక్కటే అనుకోకూడదు. దాన్ని చెయ్యడం నేర్చిన మనుషులు ఆ తర్వాత మరికొన్నింటిని చేశారు.

చెయ్యి ఎవరిది?

ఒక మాట మిగిలింది. ఇన్నాళ్లూ కన్ను వెతికేది, మనిషి తీర్పు చెప్పేవాడు. ఇప్పుడు కన్ను చౌకై, చిప్పు తెలివిమీరాక, వెతికి గుర్తుపట్టి తనే కొట్టే ఆయుధాలు వస్తున్నాయి. జామర్లు సంకేతాలను తెంపేస్తే డ్రోన్ తన తెలివితోనే గురి దాకా పోవాలి కాబట్టి యుద్ధమే వాటిని అటు నెడుతోంది. 2023 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి సాధారణ సభ ఇలాంటి ఆయుధాల మీద మొదటిసారి తీర్మానం చేసింది. దాన్ని అమలయ్యే నియమంగా మార్చే పని ఇంకా ముందుంది.

గుర్తుపట్టే కన్ను ఎలా పొరపడుతుందో సైబరాబాద్‌కు బాగా తెలుసు. నూటికి 99 సార్లు సరిగ్గా చెప్పే ప్రోగ్రాము ఫోటోల ఆల్బమ్‌కు అద్భుతం. వెయ్యిమంది నడిచే బజారు మీద ఎగిరే ఆయుధంలో అదే ప్రోగ్రాము పదిమంది విషయంలో పొరపడుతుంది. ఆ తప్పుకు ప్యాచ్ లేదు. అందుకే నా మాట ఇది: కన్ను మన సొంతం కావాలి, దాని విద్య మన మనుషుల్లో వేళ్లూనాలి, చంపాలా వద్దా అన్న తీర్పు మాత్రం పేరున్న, జవాబు చెప్పాల్సిన మనిషి చేతిలోనే ఉండాలి. ఆ హద్దు ఎక్కడ గీయాలో సైనికుడికీ నాయకుడికీ చెప్పగలవాళ్లు ఆ కోడ్ రాసినవాళ్లే. ఎందుకంటే అది ఎక్కడ తడబడుతుందో వాళ్లకే తెలుసు.

విద్య అటూ ఇటూ పోగలదు. అగ్ని కోసం నేర్చిన తేలికైన మిశ్రమ పదార్థంతోనే కలాం బృందం హైదరాబాద్ నిమ్స్‌లోని పోలియో పిల్లలకు కాలిపట్టీలు చేసిపెట్టింది. అంతకుముందు ఆ పిల్లలు మూడు కిలోల ఇనుప పట్టీలు ఈడ్చుకుంటూ నడిచేవాళ్లు. కొత్తవి అర కిలో కూడా లేవు. అగ్గిలాంటి వేడి కోసం పుట్టిన పదార్థం ఒక పిల్లవాడి కాలికి చేరడానికి ఎవరో ఒకరు ఆసుపత్రి వార్డులో నిలబడి చూడాల్సి వచ్చింది.

రాత్రి ఎనిమిదిన్నరకు రైలు ముసారాంబాగ్ దాటుతుంది. అక్కడికి దగ్గర్లోనే, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద రేమండ్ సమాధి ఉంది, మీద రాతి స్తంభంతో. ఆయన దళానికి లేనిది ఈ బోగీలో ఉంది. ఒక అమ్మాయి సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడి, ఫోనులో రేపటి టెస్ట్ కేసులు చదువుకుంటోంది. ఏ ఒప్పందంతోనూ ఎవరూ ఆమె చేత కింద పెట్టించలేనిదేదో ఆమె బుర్రలో ఉంది. అది ఏం చూడాలో, ఎక్కడ ఆగాలో చెప్పే హక్కు కూడా ఆమెకు ఉండాలి.